రెండు కరెంటు పెట్టెలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది. తిరుపతిలో శకుంతలమ్మ డాక్టరు ఆస్పత్రి. పలమనేరు నుంచి బస్సులో మోసుకొచ్చిన పెళ్లాన్ని బల్ల మీద దించి, చెంగల్రాయుడు చెమట తుడుచుకున్నాడు.

"రెండు నెల్లాయె, మంచం దిగలా. కాళ్లు సచ్చుబడినాయి. సేనికాడ పనంతా ఆగిపోయిండాది. కరెంటు పెడితే లేస్తారంట గదమ్మా?"

గురవమ్మ పైకప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. పెళ్లయినప్పటి నుంచి చేను, ఇల్లు తప్ప ఆమె మరో చోటు ఎరగదు. కాళహస్తిలో పుట్టింటికి పోతానంటే మొగుడు పలుపుతాడు అందుకునేవాడు.

శకుంతలమ్మ ఆమె మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టింది. భుజాల మీది చారలు చూసింది. చెంగల్రాయుణ్ని నీళ్లు తాగి రమ్మని బయటికి పంపి, బల్ల పక్కనున్న రెండు కరెంటు పెట్టెలు చూపించింది.

"ఈ చిన్నది రూంకార్ఫ్ కాయిలు. నడుమ ఇనప కడ్డీ ఉంటాది. బాగా నొప్పి పెడుతుంది. నరంలో జీవముంటే కాలు ఎగిరిపడుతుంది. ఆ పెద్దది టెస్లా కాయిలు. కడ్డీ లేదు, వట్టి తీగచుట్టలే. దాని కరెంటు చర్మం మీదే జారిపోతుంది, నరానికి అందదు."

గురవమ్మ చిన్న పెట్టె వైపు చూసింది. "నాకేది పెడతారమ్మా?"

శకుంతలమ్మ బదులిచ్చేలోపే చెంగల్రాయుడు వచ్చేశాడు. "రెండుండాయే! ఏది గట్టిది?"

"నువ్వే సూసి చెప్పప్పా," అంటూ శకుంతలమ్మ రెండింటి మీటలూ నొక్కింది.

చిన్నదాంట్లో సన్నటి తెల్ల నిప్పు చిటుక్కుమంది. పెద్దది బుస్సుమంటూ జానెడు ఊదారంగు మంట కక్కింది. చెంగల్రాయుడు అదిరిపడి వెనక్కి జరిగాడు. మళ్లీ చిన్నదాని వైపు చూశాడు. గురవమ్మ ఊపిరి బిగబట్టింది.

"పెద్దదే పెట్టండి!" అన్నాడు చెంగల్రాయుడు.

ఊదా మంట ఆమె పిక్కల మీద పాకింది. గురవమ్మ కళ్లు మూసుకుంది. కాలివేలైనా కదపలేదు.

"ఇంత మంటకే లేయని కాళ్లు ఇంగేం లేస్తాయి? నడవలేనిదాన్ని నేనేం జేసుకునేది? వాళ్ల నాయనకు కబురంపండి, వచ్చి మోసకపోనీ!"

చెంగల్రాయుడు విసవిసా వెళ్లి పలమనేరు బస్సెక్కాడు.

బస్సు కనుమరుగయ్యేదాకా శకుంతలమ్మ కిటికీ దగ్గరే నిలబడింది. తర్వాత వెనక తలుపు తీసింది.

గురవమ్మ బల్ల మీంచి దిగి, కుచ్చెళ్లు సర్దుకుని, రైలు స్టేషను దారిన గబగబా నడిచిపోయింది.