గజమున్నర పట్టు

"నా కత్తెర దానిమీద పడలేదమ్మా! అల్లా మీద ఒట్టు!"

హారూన్ మాట పూర్తికాకముందే పత్రికవాళ్ల వ్యాన్ డ్రైవరు రెండో చెంపదెబ్బ కొట్టాడు. కళ్లజోడు ఎగిరి మగ్గం గుంతలో పడింది.

ఎమ్మిగనూరు నేతపేటలో మాదన్న ఇల్లు అది. పొద్దున్నుంచి హైదరాబాదు ఫ్యాషన్ పత్రికవాళ్లు అక్కడ ముఖచిత్రం తీస్తున్నారు. మోడల్ కట్టుకున్నది మాదన్న ఐదు నెలలు కూర్చుని నేసిన పట్టుచీర. రేపు కర్నూలులో చేనేత పోటీకి వెళ్లాల్సిన చీర. ఫొటోలు అయిపోయాక మోడల్ మార్చి ఇచ్చిన చీరను సరిగ్గా మడతపెట్టుకుందామని మాదన్న విప్పాడు. నడుములో దోపుకునే కొసన గజమున్నర లేదు. ఎవరో కోసేశారు.

మాదన్న చీర ఒళ్లో పెట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

"ఇక్కడ కత్తెర ఉన్నది నీ దగ్గరే," అంది ఎడిటర్ వీణ. "ఇంకెవరు కోస్తారు?"

హారూన్ టైలరు. జాకెట్టు సరిచేయడానికి ఆదోని నుంచి ఈ ఒక్కరోజుకు పిలిపించారు. యాభై దాటిన మనిషి. చెంప పట్టుకుని, గోడ దగ్గర నిలబడ్డ అసిస్టెంట్ స్టైలిస్ట్ సంజన వైపు చూశాడు.

"మేడం, పదకొండు గంటలప్పుడు మీరే గదా నా కత్తెర అడిగి తీస్కపోయినారు? జర చెప్పండి మేడం."

"నేనా?" అంది సంజన. "నీ కత్తెర నాకెందుకు?"

గొంతు వణకలేదు. ఆ ఆఫీసులో మూడేళ్లు పనిచేస్తే ఎవరి గొంతూ వణకదు.

కోసింది ఆమే.

పొద్దున మోడల్ నడుము దగ్గర కుచ్చిళ్లు దిండులా ఉబ్బాయి. వీణ కెమెరా ఆపించి సంజన చెవిలో అంది. "నడుము పిడికిట్లో ఇమిడేలా కనపడాలి. ఎలా చేస్తావో నాకు చెప్పకు."

ఆ మాటకు అర్థం పత్రికలో అందరికీ తెలుసు. కెమెరా ముందువైపే చూస్తుంది. వెనక పిన్నులుంటాయి, క్లిప్పులుంటాయి, అవి చాలకపోతే కత్తెర ఉంటుంది. కోసిన చీరల్ని ముచ్చటగా మడిచి కంపెనీలకు తిప్పి పంపుతారు. అక్కడ ఎవరూ విప్పి చూడరు.

ఇక్కడ విప్పి చూశారు.

పోటీ సంగతి సంజనకు తెలుసు. తెలిసే కోసింది. మగ్గం ఉంది, మనిషున్నాడు, ఇంకొకటి నేసుకుంటాడులే అనుకుంది. ఈ సంచికలో మొదటిసారి స్టైలిస్టుగా ఆమె పేరు అచ్చుకావాలి. మూడేళ్లు వీణ తిట్లు తిన్నది ఆ ఒక్క లైను కోసమే. చీర సంపాదించింది కూడా ఆమే. పెద్ద దుకాణాలవాళ్లు వచ్చి బతిమాలినా చీర చేతికివ్వని మాదన్న, ఆమె ఒక్క ఫోను చేస్తే ఊ అన్నాడు. "ఏం మంత్రం వేశావే!" అని వీణ ఆఫీసంతా వినపడేలా మెచ్చుకుంది. పొద్దున అందరికీ టీ ఇస్తూ మాదన్న ఆమె దగ్గరికొచ్చి, "తీసుకోండి మేడం," అన్నాడు. ఆమె తలెత్తకుండానే తీసుకుంది.

ఇప్పుడు వీణ ఆమెను ఒక్క క్షణం చూసింది. ఆ చూపుకు అంతా తెలుసు. తర్వాత హారూన్ వైపు తిరిగింది.

"నేనే కోశానని కాగితం రాసివ్వు. లేదంటే పోలీసుల్ని పిలుస్తా. ఆదోనిలో మళ్లీ నీ అంగడి తలుపు తెరుచుకోదు."

"ముప్పై ఏండ్ల నుంచి కుడతాండానమ్మా. ఒగ గుడ్డ పాడుచేసినాననే మాట పడలేదు."

డ్రైవరు మళ్లీ చెయ్యెత్తాడు.

"రాసివ్వు మాస్టర్," అంది సంజన మెల్లగా. "తొందరగా తేలిపోతుంది."

హారూన్ ఆమెను చూశాడు. తల దించుకుని పెన్ను అందుకున్నాడు.

"ఆగప్పా."

చీర విప్పినప్పటినుంచి మాదన్న నోరు తెరవడం అదే. కోసిన కొసను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

"ఇది టైలరు కోత కాదు."

"కోత ఏదైనా కోతే కదా పెద్దాయనా!" అంది వీణ.

"కాదమ్మా. ఈయప్ప కోసింటే వెంట్రుకంతైనా వంకర పోయుండేది. ఈడ సూడు. ముందు అడ్డపోగు ఒగటి లాగినారు. ఆ గాడి ఎంబడి కోసినారు. ఇది మగ్గమింట్లో పుట్టినోళ్ల చెయ్యి." అంచు మూలను వేలితో తడిమాడు. అక్కడ ఆవగింజంత ముడి. "లాగిన పోగు కాళ్ల కింద పడగూడదని అంచుకు ముడేసినారు. ఇట్ల ఏ అంగట్లోనూ నేర్పరు."

సంజన తన వేళ్లు చూసుకుంది. ఆ ముడి ఎప్పుడు వేసిందో ఆమెకే గుర్తులేదు.

వీణ నవ్వింది. "మాలో మగ్గమింటివాళ్లు ఎవరున్నారు? నాది హైదరాబాదు. మోడల్‌ది ముంబై. ఈ సంజనది బెంగళూరు, వాళ్ల నాన్న కాలేజీ ప్రొఫెసర్."

"అట్లనా," అన్నాడు మాదన్న.

సంజన వాకిలి వైపు ఒక అడుగు వేసింది. మాదన్న లేచాడు. ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. హారూన్ చేతిలోంచి పెన్ను తీసి వీణకు అందించాడు.

"రాసుకోమ్మా," అన్నాడు సంజన కళ్లలోకి చూస్తూ, "కోసింది ఉచ్చీరమ్మ, నా కూతురు."