వీపు మీది కొక్కేలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు.

కవచాలు చేసే నాన్న. వాటికి మెరుగు పెట్టే అత్త. మర్నాడు ఓడెక్కి మూడో గ్రహం మీది యుద్ధానికి వెళ్ళబోతున్న అక్క. కొత్త కవచానికి ఆమోదముద్ర వెయ్యడానికి వచ్చిన ఆఫీసరు. ఆ కవచం తొడుక్కుని గది మధ్యలో నిలబడ్డ చిన్నది.

చిన్నదాన్ని అత్త ‘కొలతబొమ్మ’ అంటుంది. అక్కదీ దానిదీ ఒకే కొలత. అక్క శిక్షణకు వెళ్ళినప్పటి నుంచీ ఏ కవచం చేసినా దాని ఒంటి మీదే తొడిగి చూస్తున్నారు.

నిలబడమంటే నిలబడుతుంది. తిరగమంటే తిరుగుతుంది. ఎక్కడ ఒరుసుకుంటోందని ఎవరూ అడగరు. అడక్కుండా చెప్పే నోరు దానికి లేదు.

తలుపు చప్పుడైంది.

"కవచం లోపల గుడ్డ అస్తరు కుట్టే మనిషి అయ్యుంటుంది," అంటూ అత్త వెళ్ళి తీసింది. "ఇప్పుడా రావడం? ఆఫీసరుగారు వచ్చి గంటయింది!"

వచ్చినావిడకు యాభై దాటి ఉంటాయి. వెలిసిపోయిన చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు.

"కొత్త కవచానికి ఇవాళ ముద్ర పడుతుందని విన్నాను. పడేలోపు ఒకసారి చూడాలి," అంది.

"చూడు తల్లీ. చూడకుండా ఎలా కుడతావు?"

ఆమె చిన్నదాని చుట్టూ నెమ్మదిగా తిరిగింది.

"కూర్చోమ్మా."

చిన్నది కూర్చోబోయింది. నడుము కింది రేకు తొడలకు అడ్డం పడి సగంలో వంగి ఉండిపోయింది. అక్క ఫక్కున నవ్వింది.

"యుద్ధంలో కూర్చునేదెవరు?" అన్నాడు నాన్న.

"దాక్కునేవాళ్ళు కూర్చుంటారయ్యా. తల పైకెత్తమ్మా."

మెడపట్టీ గడ్డానికి తగిలి తల ఆగిపోయింది.

"శత్రువుల యంత్రాలు దిగేది పైనుంచే కదా?" అందామె. "పైనుంచి వచ్చేవాటితో యుద్ధం. తల ఎత్తనివ్వని కవచం!"

"అస్తరు కుట్టేదానివి అస్తరు సంగతి చూసుకో," అంది అత్త.

ఆమె వినిపించుకోలేదు. ఎద మీద రేకును వేలితో తడిమింది.

"ఇక్కడ ఈ రెండు ఎత్తులు ఎందుకు? దెబ్బ ఏ పక్క తగిలినా జారి నడిమి ఎముక మీదికే వస్తుంది."

ఆఫీసరు చిరునవ్వు నవ్వాడు. "ఆడపిల్ల కవచమని తెలియాలిగా!"

"ఎవరికి?"

"వీధి తెరల మీద బొమ్మ చూసే జనానికి."

"యంత్రానికి తెలిస్తే ఏం చేస్తుంది? పక్కకు తప్పుకుని దారిస్తుందా?"

చిన్నదానికి నవ్వొచ్చింది. నాన్న చూపు చూసి పెదవి కొరుక్కుంది.

"ఇప్పుడు నీ అంతట నువ్వే విప్పుకో అమ్మా."

చిన్నది చేతులు వెనక్కి పెట్టింది. మునివేళ్ళు భుజాలు దాటలేదు. కొక్కేలు ఏడూ వీపు మీదే ఉన్నాయి.

"పక్కవాళ్ళు విప్పుతారు," అంది అక్క. "మేం జట్లుగా వెళ్తాం. శిక్షణలో అలాగే నేర్పారు."

"వీపు మీదుండే కవచం బ్యాటరీకి నిప్పంటుకుంటే పక్కవాళ్ళ కోసం ఎంతసేపు చూస్తావు తల్లీ? వాళ్ళప్పటికే పడిపోయి ఉంటే?"

ఈసారి అక్క నవ్వలేదు.

"పాత కవచాలకూ వీపు మీదే పెట్టారు. దీనికైనా ముందుకు మార్చండి. ఒంటిచేత్తో ఊడేలా రెండంటే రెండు చాలు. ఒక్క రోజు పని. ముద్ర ఒక్క రోజు ఆపండి సార్."

"ముందు కొక్కేలు కనబడితే బొమ్మ పాడవుతుంది," అన్నాడు ఆఫీసరు. "పదివేల మందికి ఇదే నమూనా. సూదీ దారం పట్టుకునే మనిషి చెప్పిందని ఆపమంటావా?"

నాన్న ముఖం కందగడ్డలా అయింది.

"ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను. నా కవచం విప్పుకోలేకపోయానని ఒక్క పిల్లయినా వచ్చి చెప్పిందా?"

"చెప్పలేదయ్యా," అందామె మెల్లగా. "చెప్పదు కూడా."

"మరి నీకెందుకు? నడు బయటికి!"

ఆమె చిన్నదాని వెనక్కి వెళ్ళింది. అత్త పావుగంట కుస్తీ పట్టే ఏడు కొక్కేలూ చూడకుండానే టకటకా ఊడదీసింది. బరువంతా తన ముంజేతుల మీదికి తీసుకుని, నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు కవచాన్ని బల్ల మీద పెట్టింది.

ఆఫీసరు దాని మీద ముద్ర గుద్దాడు.

ఆ చప్పుడుకు చిన్నదాని ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ దాన్ని తొడుక్కున్నది తను. కూర్చోలేనని, తల ఎత్తలేనని, ఊపిరాడదని తెలిసింది తనకు. రేపు తొడుక్కునేది అక్క. దారినపోయే మనిషి వచ్చి అడిగిన మాట, తను ఏడాదిగా అడగలేదు.

"ముద్ర తీసెయ్యండి!" అంది.

గొంతు అంత పెద్దగా వస్తుందని దానికే తెలియదు.

"రేపు అక్క దీన్ని విప్పుకోలేదు నాన్నా! నేను విప్పుకోలేకపోయాను, చూశావుగా!"

"కొలతబొమ్మకు కూడా మాటలొచ్చాయే!" అంది అత్త.

నాన్న వినలేదు. వచ్చినావిడను గడప దాటించి తలుపు తోస్తున్నాడు. చిన్నది పరుగెత్తి సందులో చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు అస్తరు కుట్టే మనిషి కాదు కదూ? ఎవరండీ మీరు?"

"యుద్ధంలో పోయిన పిల్లల ఒంటి మీంచి ఈ కవచాలు విప్పి, వాళ్ళను అమ్మలకు అప్పగించే పని నాదేనమ్మా," అని ఆమె అంటుండగానే, నాన్న చిన్నదాని చెయ్యి లాగేసి తలుపు మూసేశాడు.