బోటు ఇంజను

"ఆపరా! సర్చిలో ఈ బోటు మోతేటి?" పాస్టరుగారు అరిచారు.

"ఎలక్ట్రానిక్ సంగీతమండి. దీని మీద ఆర్గాను వాయిస్తాను. దావీదు మావ బోటు ఇంజనే ఇది, పోయిన్నెల ఫోన్లో పట్టాను," అన్నాను.

దావీదు మావ సముద్రం మీద వేటకెళ్ళి తొమ్మిది రోజులైంది, ఇంకా తిరిగి రాలేదు. ఈ ప్రార్థన ఆయన కోసమే.

చర్చి మీది మైకు సముద్రం దాకా వినిపిస్తుంది. కిటికీలోంచి చూస్తే, మావ పెళ్ళాం దానమ్మత్త చేపల గంప పట్టుకుని భావనపాడు ఒడ్డుకు పరిగెడుతోంది. మా ఆడవాళ్ళు ఇంజను చప్పుడు బట్టే ఎవరి బోటో పోల్చేస్తారు.

మోత ఆపేశాను.

ఒడ్డు నుంచి దానమ్మత్త కేక. "ఓలమ్మో! ఇంజను ఆగిపోనాది! నీళ్ళల్లో ఉండిపోనాడు, ఎవులైనా ఎల్లండి!"

పాస్టరుగారు నా భుజం పట్టుకున్నారు.

"మళ్ళీ ఎయ్యిరా," అన్నారు.