తొమ్మిదో చాప

“ఉష్!” అంటూ సుకన్య పెదవుల మీద వేలు పెట్టింది.

గేటు దాటి వచ్చిన పెద్దమనిషి తెరిచిన నోరు టక్కున మూశాడు. ఆమె నవ్వి, మంచినీళ్ళిచ్చి, ఫోను కోసం చెయ్యి చాపింది. అది అప్పటికే మోగుతోంది. ఆయన కట్ చేసి, పీడ వదిలినట్టు ఇచ్చేశాడు. రేకుల షెడ్డులో ఎనిమిది మంది కళ్ళు మూసుకుని కూర్చున్నారు. చివరి వరసలో చాప చూపిస్తే, చెప్పులు విడిచి తనూ కూర్చున్నాడు.

రెంటచింతల అవతల తండ్రి మిరప చేలో కాస్త చోటడిగి సుకన్య పెట్టిన ధ్యాన కేంద్రం అది. ఇదే తొలి మౌన శిబిరం. మూడు రోజులు, ఉచితం, ఎవరైనా రావచ్చు. తండ్రి హనుమంతరావు మాత్రం ముందే తేల్చేశాడు.

“నోరు మూసుకు కూర్చోడానికి ఇంత దూరం ఎవడొస్తాడే? ఒక్కడికన్నా మేలు జరిగిందని నా చెవులతో వినాల. లేదంటే షెడ్డు పీకి మళ్ళీ మిరపే వేస్తా.”

ఆ ఎండకు అందరూ అల్లాడిపోయారు. ఒకాయన నడుం పట్టుకుని మూలిగాడు. ఇంకొకాయన కూర్చునే గురక పెట్టాడు. మర్నాటికి ముగ్గురు సంచులు సర్దుకున్నారు. చివరి వరస పెద్దాయన మాత్రం కదల్లేదు. పెట్టింది తిన్నాడు, గంట కొట్టకముందే వచ్చి కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆయన మూసిన కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. సుకన్యకు ప్రాణం లేచొచ్చింది.

మౌనం విడిచే రోజు తండ్రి రాగానే నేరుగా ఆ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళింది. పేరు జక్కయ్యట.

“ఏమన్నా, నీకేమన్నా మేలు జరిగిందా?” హనుమంతరావు నిలదీశాడు.

“చానా జరిగింది. మా ఆడమనిషితో పోట్లాడి ఇల్లొదిలొచ్చినోణ్ణి. ఇన్నేళ్ళూ ఆమెని ఒక్క ముక్క మాట్లాడనిచ్చానా అని ఇక్కడ కూర్చుంటే తెలిసొచ్చింది. ఇప్పుడు నేరుగా ఇంటికే పోతా. ఆమె చెప్పేది వింటా.”

హనుమంతరావు తలెత్తి షెడ్డు రేకుల వంక చూశాడు.

“షెడ్డు ఉండనీయవే. ఫ్యాన్లు నేను పెట్టిస్తా.”

సుకన్య నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“ఇంతకీ, ఇక్కడ ఇట్టాంటి చోటుందని నీకెవరు చెప్పారన్నా?” హనుమంతరావు అడిగాడు.

జక్కయ్య ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

“మాచర్ల బస్సు ఎక్కడాగుద్దో అడుగుదామని లోపలికొచ్చా.”