చీనా వైద్యుడి షరతులు

“నాలుక చూపు బిడ్డా,” అన్నాడు చీనా వైద్యుడు.

ఆండాళు సిగ్గుపడుతూ నాలుక బయటపెట్టింది. ముప్పై ఏళ్లుగా సికింద్రాబాదులోనే ఉంటున్న ఆ ముసలాయనకు తెలుగు బాగానే పట్టుబడింది. ఆమె కుడి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. నాడి చూడడానికి ఇంతసేపు తీసుకున్న వైద్యుణ్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఎన్నాళ్ల సంది గిట్లున్నది?”

“రెండేండ్లాయె,” అంది పక్కనే కూచున్న అత్త వెంకటనర్సమ్మ. “కాన్పుల పిల్ల దక్కలే. గప్పటి సంది గింతే. పొద్దుగాల లేసుడే అలిసిపోయి లేస్తది. రాట్నం కాడ కూసుంటె చెయ్యి పడిపోతది. పని ఎగ్గొట్టే యేశాలంటడు మా ఇంటాయన.”

అత్త గొంతు ఎప్పటిలాగే కటువుగా ఉంది. ఆండాళు తల దించుకుంది.

కేతేపల్లిలో వాళ్లది మగ్గాల ఇల్లు. మామ గండయ్య, భర్త మల్లేశం బట్ట నేస్తారు. నూలు తోడడం, కండెలు చుట్టడం ఆడవాళ్ల పని. కండె ఆలస్యమైతే మగ్గం ఆగుతుంది. మగ్గం ఆగిన ప్రతిసారీ గండయ్య కోడలి వైపు చూసేవాడు. నల్లగొండ దవాఖానలో ఇచ్చిన టానిక్కులు అయిపోయాయి. యాదగిరిగుట్టలో పదకొండు రోజులు ఉండి వచ్చారు. అలుపు మాత్రం వదల్లేదు. చివరికి గండయ్య తేల్చి చెప్పేశాడు. ఉగాది నాటికి కోడలు మామూలు మనిషి కాకపోతే, పుట్టింట్లో దింపేసి రావాలి. మల్లేశం తల వంచుకుని మగ్గం ముందుకు జరిగాడు.

నూలు తెచ్చే ఎల్లేశం ఈ వైద్యుడి సంగతి చెప్పాడు. ఇదే ఆఖరుసారి అంటూ గండయ్య అందరినీ బస్సెక్కించాడు. ఇప్పుడు తండ్రీకొడుకులు బయట బల్ల మీద కూచున్నారు.

“నువ్వు పోయి బయట కూసో పిల్లా. మందు ఎట్ల కాయాల్నో అడిగొస్త,” అంది అత్త.

కాసేపటికి వైద్యుడు కాగితం పొట్లాలతో బయటికి వచ్చాడు. వెనకే వెంకటనర్సమ్మ. ఆయన సూటిగా గండయ్యతోనే మాట్లాడాడు.

“ఈ అలుపు ఒక్క దినంల పోదు. మూడు నెలలు మందు తాగాలె. మూడు గిన్నెల నీళ్లు ఒక్క గిన్నె అయ్యేదాక కాయాలె. ఇంట్ల పెద్ద ఆడమనిషే కాయాలె. తాగినంక ఈ బిడ్డ రెండు గంటలు పండుకోవాలె. రాట్నం ముట్టద్దు. బిందె ఎత్తద్దు. ఇంట్ల అందరికంటె ముందు, వేడి మీద తినాలె. ఒక్కటి తప్పినా మందు పనిచెయ్యదు.”

గండయ్య ముఖం ముడుచుకుంది. “కోడలు పండుకుంటె కండెలెవ్వలు చుడ్తరు?”

“ఇంకెవ్వలు? నేనే సావాలె!” వెంకటనర్సమ్మ గయ్యిమంది. “కోడలు ముందుగాల తినుడేంది, నేను ఎనక తినుడేంది? ఏం షరతులయ్యా నీయి!”

“మందు కావాల్నా, వద్దా?” అన్నాడు వైద్యుడు.

గండయ్య చెయ్యి చాచి పొట్లాలు అందుకున్నాడు. “సరే తియ్యి. ఉగాది దాక జూద్దాం.”

మర్నాటి నుంచి ఆ ఇంట్లో కొత్త వాసన మొదలైంది. పొట్లంలో ఎండిన పండ్లు, బెరడు ముక్కలు, మనిషి కాళ్లలా చీలిన వేరు ఉన్నాయి. తెల్లవారకముందే అత్త పొయ్యి రాజేసి వాటిని కాచేది.

“తాగు మహారాణీ. తాగి పండుకో. లేస్తివా, కాళ్లిరగ్గొడ్త.”

చేదు మింగి ఆండాళు గోడవైపు తిరిగి పడుకునేది. అవతల అత్త తిప్పుతున్న రాట్నం చప్పుడు వింటుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి.

“కోడలికి చాకిరి చేసే అత్తను నిన్నే సూస్తున్న,” అని పొరుగింటి గుర్వమ్మ నవ్వింది.

“ఏం జేస్తనే! చీనాయన కట్టేసిండు,” అని వెంకటనర్సమ్మ కసిరింది.

మొదటి నెల ఏ మార్పూ లేదు. ఒకరోజు ఉండబట్టలేక ఆండాళు బిందె ఎత్తబోయింది. అత్త పరుగున వచ్చి లాక్కుంది. “నెల దినాల మందు మన్నుల పోస్తవా?”

రెండో నెలలో ఆకలి పుట్టింది. ఒక ఉదయం లేచి, జుట్టు దువ్వుకుని, ముడి వేసుకున్నాక గాని ఆండాళుకు తట్టలేదు, చేతులు నొప్పి పెట్టలేదని. అలాగే నిలబడి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అలుపు పూర్తిగా పోలేదు. వచ్చినా కాసేపు కూచుంటే దిగిపోయేది.

ఉగాది వచ్చింది. పచ్చడి తింటూ గండయ్య కోడలి ముఖం చూసి, “పిల్ల జర తేరుకున్నది,” అన్నాడు. పుట్టింటి మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రాత్రి రెండేళ్ల తర్వాత ఆండాళు భయం లేకుండా నిద్రపోయింది.

వారం తర్వాత మల్లేశంతో కలిసి వైద్యుడికి చూపించుకోవడానికి వెళ్లింది. మోకాళ్ల నొప్పులని అత్త రాలేదు. ఆయన రెండు చేతుల నాడీ చూసి నవ్వాడు.

“మంచిగున్నది. ఇంక మందు బందు.”

మల్లేశం బస్సు వేళ కనుక్కోవడానికి బయటికి వెళ్లాడు. ఆండాళు లేవబోయి ఆగింది.

“డాక్టరు సాబ్, మందుతోటి మీ షరతులు గూడ బందు జెయ్యున్రి. మా అత్తమ్మ తిట్టుకుంట తిట్టుకుంటనే అన్నీ జేసింది. పాపం, శానా అలిసిపోయింది.”

“నా షరతు ఒక్కటే బిడ్డా. మూడు గిన్నెల నీళ్లు ఒక్క గిన్నె కావాలె.”

“మరి తక్కినయి?”

వైద్యుడు ఆమె ముఖంలోకి చూశాడు.

“అవి మీ అత్త చెప్పమన్నవి.”