ఎనిమిది చాలు

"మళ్ళీ వెనకబడింది వదినా."

మరిది మాటకు ఆమె గబగబా గదిలోకి వచ్చింది. గాజు తలుపు వెనక కొత్త కంప్యూటర్ హోరుమంటోంది. దానికి ముప్ఫై రెండు ప్రాసెసర్లు. పక్కన నాలుగే ప్రాసెసర్లున్న పాతది ఎప్పుడో పని ముగించి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. రెంటికీ ఇచ్చింది ఒకటే పరీక్ష. వేల ఫైళ్ళను కూర్చి కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను మొదటినుంచి తయారుచేయాలి.

"ఎంతసేపు?"

"పాతది నలభై నిమిషాలు. ఈ మహారాజు యాభై దాటినా ఇంకా దేకుతూనే ఉన్నాడు."

దీన్ని కొనాలని పట్టుబట్టింది ఆమే. "పాతదానికంటే త్వరగా చెయ్యకపోతే, దాంతోపాటు నువ్వూ పెట్టే బేడా సర్దుకోవచ్చు" అని పొద్దున డైరెక్టరు అందరి ముందూ అనేశాడు. భోజనాల వేళకి ఫలితం చెప్పాలి.

"ఒకేసారి నడిచేలా జాబ్స్ ఎన్ని పెట్టావు?"

"ముప్ఫై రెండు. ప్రాసెసర్‌కొకటి. ఊరికే కూర్చోబెట్టి మేపడం ఎందుకని."

ఆమె తెర మీదికి వంగింది. ప్రాసెసర్లు చాలావరకు ఖాళీ. డిస్కు దీపం మాత్రం ఆరకుండా వెలుగుతోంది.

"ఇవి పని చెయ్యట్లేదు, వంతుకోసం చూస్తున్నాయి. అన్నీ కలిసి ఒక్క డిస్కు మీద ఎగబడుతున్నాయి."

"బస్సు ఆగీ ఆగకముందే అందరూ గుమ్మంలో ఇరుక్కున్నట్టు."

"వేళాకోళం తర్వాత. చేసిందంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టు. సగం జాబ్స్ తీసెయ్."

"తీసేస్తే ఇంకా ఆలస్యం అవదూ?"

"తీసెయ్యమంటున్నానా!"

పదహారుతో పాతదానికి సరిసమానంగా వచ్చింది. అది చాలదు. ఆమె చేతి గోళ్ళు కొరకడం పూర్తయింది.

"ఎనిమిది పెట్టు."

తెర మీద వరసలు పరుగెత్తాయి. ఫోను మోగింది. డైరెక్టరు. ఆమె తీయలేదు. మళ్ళీ మోగింది. తీయలేదు. వరసలు ఠక్కున ఆగాయి.

"పదకొండు నిమిషాలు" అన్నాడు మరిది.

"పాత ముక్కలేవో చెరగకుండా ఉండిపోయి ఉంటాయి. మళ్ళీ చెయ్యి."

మళ్ళీ పదకొండే.

మూడోసారి మోగిన ఫోను ఆమె మొదటి రింగుకే తీసింది.

"మీటింగులో ఉన్నానమ్మా. నీ లెక్కలూ గ్రాఫులూ నాకొద్దు. తేలిందేమిటో రెండు ముక్కల్లో మెసేజ్ పెట్టు."

ఆమె రెండుసార్లు రాసి చెరిపింది. చివరికి పంపింది.

"ఇన్ని జాబ్స్ అక్కర్లేదు సార్. ఎనిమిది చాలు. మిగతావి ఒకదానికొకటి అడ్డం. తీసేస్తే పని ఎంతో త్వరగా అవుతుంది."

జవాబు క్షణంలో వచ్చింది. "భేష్. వెంటనే అమలు చేయిస్తాను."

"ఆయన చేయించేదేమిటి, చేసేశాంగా" అన్నాడు మరిది.

"పెద్దాయన కదా. అన్నీ తన చేతిమీదుగా జరిగినట్టు ఉండాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

కాసేపటికి మరిదికి హెచ్.ఆర్. గది నుంచి పిలుపు వచ్చింది.

"ఇంక్రిమెంటే అయ్యుంటుంది. అన్నయ్యకి అప్పుడే చెప్పకు, పార్టీ అంటాడు" అంటూ ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఆమె ఒంటరిగా మిగిలింది. గాజు తలుపులోంచి చూస్తే, పక్క బల్లల దగ్గరివాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి అటే వెళ్తున్నారు. తన ఫోను మాత్రం మోగడం లేదు. గెలిపించింది తను. తననెందుకు పిలవలేదు? ఆలస్యంగా చెప్పిందని కోపమా? ఫోను తీయలేదనా?

తలుపు తెరుచుకుంది. మరిది మెడలో ఐడీ కార్డు లేదు.

"ఏమన్నారు? నా సంగతేమైనా ఎత్తారా?" ఆమె ఎదురెళ్ళింది. "నా ఉద్యోగం ఉంటుందా?"

అతను మూలనున్న తన సంచి తీసి భుజానికి తగిలించుకున్నాడు.

"నీకేం భయం లేదు వదినా. నువ్వు చాలన్న ఎనిమిదిమందిలో నువ్వూ ఉన్నావు."