చీపురుపుల్ల గీతలు

శంకర్రావు తెల్ల చొక్కాకి మోచేతి దగ్గర బొగ్గు మసి అంటింది.

అదీ సోమవారం పూట, ఆఫీసుకు దిగే వేళ.

మెట్ల పక్క గోడమీద ఎవరో బొగ్గుతో గీతలు గీశారు. ఎవరో ఏమిటి, మెట్ల కింద పడుకునే బుచ్చయ్యే. పాలమూరు వైపు ముసలి కూలీ. దసరా వెళ్లాక ఒక గోనెసంచీ ఒక దుప్పటీ తెచ్చుకుని బొంబాయి కామాటిపురలో గదికో కాపురం ఉండే ఈ చాల్‌లో మెట్ల కింద చేరాడు.

శంకర్రావు సంగతి కూడా చెప్పాలి. సబ్బుల కంపెనీలో గుమాస్తా. నెలనెలా అమ్మకాలను గళ్ల కాగితంమీద గ్రాఫుగా గీసి పెద్దసాబుకు చూపించడం అతని పని. పదిహేనేళ్లు గీసేసరికి ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. భార్య రత్నాబాయి నల్లా దగ్గర ఎన్ని నిమిషాలు నిలబడింది, ఇంట్లో చక్కెర ఎంత కరిగింది, అత్తగారు వచ్చి ఎన్ని రోజులుంది, అన్నిటికీ గ్రాఫులే. అత్తగారి గ్రాఫుకు గోడమీద మేకు కూడా దక్కింది. చక్కెర గ్రాఫును మాత్రం రత్నాబాయి పప్పు డబ్బా అడుగున పరిచింది. కాగితం మందంగా ఉందని మెచ్చుకుంది కూడా.

"దునియాల ప్రతిదానికీ ఒక గ్రాఫుంటది. చూసే కన్నుండాలె" అనేవాడు కనబడ్డవాళ్లతో.

కనబడ్డవాళ్లు తొందరగా కనబడకుండా పోయేవాళ్లు.

అలాంటివాడు మసి మోచెయ్యి చూపిస్తూ బుచ్చయ్యను నిలదీశాడు.

ఆ గోడలో, మెట్లు అతుక్కున్న చోట, ఒక పగులుంది. ప్రతి ఐతారం బుచ్చయ్య ఆ పగుల్లో చీపురుపుల్ల దూర్చి, ఎంతవరకు పోయిందో గోటితో పట్టి, పుల్లను గోడకు నిలబెట్టి అంత పొడుగు గీత గీస్తాడట. ఒకదాని పక్కన ఒకటి, వరసగా.

"కొలుస్తున్న సాబ్" అన్నాడు.

"ఏం కొలుస్తున్నవ్, తాగిన దారూనా? ఆ పొడుగు గీత ఏ రోజుది, సీసా మొత్తం దించిన రోజుదా?"

మెట్లు దిగుతున్నవాళ్లు నవ్వారు. బుచ్చయ్య నవ్వలేదు, కోప్పడలేదు.

"మీరు సదువుకున్నోరు. ఒక్కపారి ఈడ నిలబడి ఎడమ దిక్కు నుంచి సూడుండ్రి."

శంకర్రావు నిలబడలేదు. తట్ట మోసినవాడు నిలబడమంటే నిలబడే రకం కాదతను. పైగా తొమ్మిదీ ఇరవై బస్సు.

గణపతి పండుగ దగ్గర పడింది. చాల్ మండలికి శంకర్రావే సెక్రెటరీ. ఈసారి గణపతిని పైన, మొదటి అంతస్తులో మెట్లు ఆగేచోట కూర్చోబెట్టాలన్నాడు. హారతికి జనం మెట్ల పొడుగునా నిలబడితే కింది నుంచి నిండుగా కనిపిస్తుందట. అది సరిగ్గా తన ఖోలీ, అంటే తన గది, తలుపు ఎదురుగానే కావడం దేవుడి దయ.

గోడలకు సున్నం వేయించాడు. ఆ ఒక్క గోడ వదిలేయమని బుచ్చయ్య బతిమాలాడు. మెట్లమీద అంతమందిని నిలబెట్టొద్దని కూడా అన్నాడు.

"నాకు అకల్ చెప్పే మొఖమేనా అది?" అని శంకర్రావు గోనెసంచీని గల్లీలో పెట్టించాడు.

సున్నం ఒకే పూత వేశారు, నీళ్లు ఎక్కువ కలిపి. మండలి పనులు అట్లాగే ఉంటాయి.

పోతూ పోతూ బుచ్చయ్య నల్లా దగ్గర రత్నాబాయితో రెండు మాటలు మాట్లాడాడు.

మర్నాటికల్లా చాల్‌లో ముసలమ్మలందరికీ మోకాళ్ల నొప్పులొచ్చాయి. రోజూ నీళ్ల బిందెలతో మూడంతస్తులు ఎక్కే గంగవ్వ కూడా కుంటింది. గణపతిని కింద గల్లీలో పెడితేనే హారతికి వస్తామన్నారు. శంకర్రావు మూతి ముడుచుకుని ఒప్పుకున్నాడు. మోకాళ్ల నొప్పులకు కూడా ఒక గ్రాఫు గీస్తే బాగుంటుందని రత్నాబాయి సలహా ఇచ్చింది.

పండుగ మూడో రోజు సాయంత్రం పెద్ద వాన. చాల్ అంతా గల్లీలో టార్పాలిన్ కింద హారతి పాడుతోంది. లారీలోంచి మూటలు దించినట్టు లోపల ఒక చప్పుడైంది.

మెట్లు కూలాయి.

పోయింది గంగవ్వ చెప్పుల జత, అంతే.

తెల్లారి చూస్తే గోడ మాత్రం నిలబడే ఉంది. తడిసిన సున్నంలోంచి బొగ్గు గీతలు పైకి తేలాయి.

శంకర్రావు ఈసారి నిలబడ్డాడు. ఎడమ దిక్కు నుంచి చూశాడు.

చలికాలం గీతలు గోరంత. హోళీకి వేలంత. ఎండాకాలం అంతా అక్కడే ఆగాయి. వానలు మొదలయ్యాక బెత్తెడు, ఆ తర్వాత జానెడు. కొనలన్నీ కలిపితే ఏమొస్తుందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. పెద్దసాబు పదిహేనేళ్లుగా చూడాలనుకున్న గ్రాఫు అది, నిటారుగా పైకి పోయేది.

ఆయన ఎక్కడుంటాడో ఎవరికైనా తెలుసా అని అడిగాడు. బుచ్చయ్యను "ఆయన" అనడం అదే మొదలు.

రత్నాబాయికి తెలుసు. ఆమె అడిగింది కాబట్టి.

వర్లిలో బుచ్చయ్య కొడుకు ఖోలీ వీళ్లదానికన్నా పెద్దది. కిటికీ పక్కన మంచం, దానిమీద ఉతికిన దుప్పటి. తలుపు తీసిన కోడలు పోచమ్మ, మామ ఇంటికొచ్చిన రోజే జ్వరంతో పడ్డాడనీ, మొన్న పొద్దున పోయాడనీ చెప్పింది.

ఇంత మంచి ఇల్లుండగా మెట్ల కింద ఎందుకు పడుకున్నాడని శంకర్రావు అడిగాడు.

"మేమూ శాన కొట్లాడినం సాబ్" అంది పోచమ్మ. "వయసుల ఉన్నప్పుడు ఆ మెట్లు కట్టింది మా మామనే. చాల్ సేటు సముద్రపు ఇసుక తెచ్చి కలపమంటే, ఉప్పు ఇసుక నిలవదని ఎరుకుండి కూడ కలిపిండంట. కూలితే మొదలు నా మీదనే కూలాలె అని ఆడ పండుకున్నడు."